యంత్రములకు శాబ్దబోధ
(అనంతపుర సీమ నిదర్శనముగా)

శబ్దమువలన నర్థజ్ఞాన మెట్లు గలుగునను విచారము మన శాస్త్రములలో మిగులఁ బ్రాచీనమైనది. వైయాకరణులును నైయాయికులును మీమాంసకులును నీ విషయమునఁ జేసిన వాదప్రతివాదములు పెక్కు గ్రంథములుగా విస్తరిల్లినవి. ఆ వాదములన్నిటను బోధ పొందువాఁడు చేతనుఁడగు పురుషుఁడే. అచేతనమగు యంత్రము వ్రాఁతను జదివి యందలి విషయములను దనంతఁ గ్రహింపఁగలదా యను ప్రశ్న మాత్రము క్రొత్తది. గడచిన మూఁడు దశాబ్దులలో దీనికిఁ గొంత సమాధానము దొరకినది. కంప్యూటరనఁబడు గణనయంత్రముచేత నంతర్జాలమునందలి వ్రాఁతలను జదివించి, వానినుండి లోకవిషయములను గూర్చుకొనునట్లు చేయు విద్య యొకటి ప్రబలినది. పాఠశాలలలోని బాలురు పలువురు నేఁడు సందేహము గలిగినచో నిఘంటువును దెఱవక యట్టి యంత్రమునే యడుగుచున్నారు. కావున దాని తెలివి యెక్కడనుండి వచ్చునో, యెక్కడఁ దప్పునో పండితు లెఱుఁగుట యావశ్యకము.

ఈ వ్యాసమునందలి యుదాహరణములలోఁ జాలవఱ కనంతపుర సీమనుండి గ్రహింపఁబడినవి. ఆ సీమను గుఱించి వ్రాయఁబడినది తక్కువ. వ్రాయఁబడినదానిలోఁ బెద్దభాగము కఱవును గుఱించియే. చదువుటచేతనే తెలిసికొను యంత్రమునకు వ్రాఁతలో లేనిది లోకమున లేనిదే యగును. ఇట్టి విద్యయొక్క బలాబలములు వ్రాఁత సమృద్ధిగా నున్నచోటఁ గంటె వ్రాఁత కఱవైనచోటనే చక్కఁగాఁ గానవచ్చును.

చేతితో నిచ్చిన జ్ఞానము

యంత్రమునకు జ్ఞాన మిచ్చుటకు మొదట నవలంబింపఁబడిన మార్గము గురుముఖోపదేశము వంటిది. 1965లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ మున్నగువారు డెండ్రల్ అను కార్యక్రమము నారంభించిరి. రసాయనశాస్త్రజ్ఞులు తా మెఱిఁగిన నియమములను జెప్పఁగా నవి యొక్కొక్కటిగా యంత్రమున నెక్కింపఁబడెను. 1984లో డగ్లస్ లెనాట్ అను విద్వాంసుఁడు సైక్ అను పేర నింతకంటెఁ బెద్ద ప్రయత్నమునకుఁ బూనుకొనెను. నీరు పల్లమునకుఁ బాఱును, తండ్రి కొడుకుకంటెఁ బెద్దవాఁడు అనునట్టి సామాన్యవిషయములను సైతము మనుష్యులే కూర్చుండి యంత్రమునకు వ్రాసి యియ్యవలసి యుండెను. లోకవిషయము లనంతములు, వ్రాయు చేతులు పరిమితములు. జ్ఞానసంపాదనమే యీ విద్యలో నిఱుకుదారి యని ఫైగెన్‌బామే చెప్పెను.

ఈ ఫైగెన్‌బామ్‌తోఁ గూడ 1994వ సంవత్సరపు ట్యూరింగ్ బహుమానమును బంచుకొన్నవారు రాయలసీమవారగుట గమనింపఁదగినది. దబ్బల రాజగోపాలరెడ్డిగారు నాఁటి చిత్తూరు జిల్లాలోని కాటూరున 1937లో జన్మించిరి. రాజ్ రెడ్డి యను పేర లోకమునఁ బ్రసిద్ధులైరి. మనుష్యుల పలుకును వినుట యంత్రమునకు నేర్పుటలో వీరు విశేషకృషి చేసిరి. పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెల్లన్ విశ్వవిద్యాలయమునఁ గంప్యూటరు విజ్ఞాన విభాగమునకు 1991 మొదలు 1999 వఱకు వీ రధిపతులు. తనంతఁ జదివి నేర్చుకొనుటలోఁ బ్రసిద్ధికెక్కిన యంత్రము తరువాతి కాలమున నా విద్యాపీఠముననే పుట్టినది.

సిద్ధపదసాన్నిధ్యము

పదమునకు శక్తి, అనఁగా నర్థముతోడి సంబంధము, తెలియుటకు మన తార్కికు లెనిమిది యుపాయములు చెప్పిరి: వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివృతి, సిద్ధపదసాన్నిధ్యము. వీనిలో వ్యవహారము ప్రధానమందురు. ఒక వృద్ధుఁడు మఱియొకనితో నావును దెమ్మనును, వాఁడు తెచ్చును, పిమ్మట గుఱ్ఱమును దెమ్మనును, వాఁడు గుఱ్ఱమును దెచ్చును. ప్రక్కనున్న బాలుఁ డేపదము మాఱినప్పు డేవస్తువు మాఱెనో చూచి యర్థమును విడఁదీసికొనును. దీనినే యావాపోద్వాపము లందురు.

యంత్రమున కావును గుఱ్ఱమును గన్నులఁ బడవు. దానికి దొరకునవి పదములే. కావున నెనిమిదింటిలోఁ జివరిదియే దానికి ముఖ్యోపాయమైనది. మామిడికొమ్మపై మధురముగాఁ గూయుచున్న దను తెలిసిన పదములు ప్రక్కనుండుటచే పికశబ్దమున కర్థము కోకిల యని యెఱుఁగని వాఁడును నూహించును. ఇదియే సిద్ధపదసాన్నిధ్యము. 1992లో మార్టి హర్స్ట్ అను విదుషి యీ న్యాయమునే యాంగ్లవాక్యములపైఁ బ్రయోగించి చూపెను. తెలుఁగున దానిఁ జెప్పవలెనన్న నిట్లుండును. “పెనుకొండ, గుత్తి, రాయదుర్గము మొదలగు దుర్గములు” అని యొకచోట నున్నది. చదువరికి గుత్తి యన నేమో తెలియకపోయినను, మొదలగు శబ్దమునకు ముందు వచ్చినవి వ్యక్తులనియు, వెనుక వచ్చినది వాని జాతి యనియుఁ దెలియును. ఇట్టి వాక్యరూపములు కొన్ని యంత్రమునకు నేర్పినచోఁ గోట్లకొలఁది వాక్యములను వడకట్టి యేది యేజాతిదో యది పట్టిక వ్రాయఁగలదు.

తరువాతి మెట్టు 1998లో సెర్గీ బ్రిన్ చూపినది. వాక్యరూపములను సైతము మనుష్యుఁడు చెప్పనక్కఱలేదు. ఆయన యైదు పుస్తకముల పేర్లను వాని కర్తల పేర్లను మాత్రమే యంత్రమున కిచ్చెను. ఆ జంటలు అంతర్జాలమున నే వ్రాఁతచుట్టులో నున్నవో యంత్రము చూచెను. ఆ చుట్టే మఱియెక్కడ నున్నదో వెదకి క్రొత్తజంటలను బట్టెను. వానినుండి మరలఁ గ్రొత్త చుట్టులను నేర్చెను. ఐదు విత్తులనుండి పదునైదువేలకు మించిన పుస్తకముల పట్టిక పండెను. మన దేశమున ధాతకఱవు, నందనకఱవు అను రెండు పేర్లు విత్తులుగా నిచ్చినచో, సంవత్సరనామముపై కఱవు శబ్దము చేరినది యొక క్షామమునకుఁ బేరగునని యంత్రము గ్రహించి మిగిలినవానిని దానే వెదకును. ఈ పద్ధతికి బీజాంకురన్యాయమని పేరిడిన నొప్పును.

ఎడతెగక చదివిన యంత్రము

ఈ మార్గమునఁ బ్రసిద్ధమైన ప్రయత్నము 2010 జనవరిలోఁ గార్నెగీ మెల్లన్ విశ్వవిద్యాలయమున టామ్ మిచెల్ నాయకత్వమున నారంభమైనది. దాని పేరు నెల్. ఎన్నఁడు నాఁగక భాష నేర్చునది యని యా పేరున కర్థము. నగరము, నది, క్రీడాకారుఁడు మున్నగు 123 జాతులును, ఫలానినగర మీదేశమందున్నది యనునట్టి 55 సంబంధములును, ఒక్కొక్కదానికిఁ బది పదునైదు మేలిమి యుదాహరణములును మాత్ర మిచ్చి, యేఁబదికోట్ల యాంగ్లపుటలను జదువుమని యంత్రమును విడిచిరి.

నెల్ ఒక్క యుపాయమునే నమ్మలేదు. దానిలో నాలుగు శాఖలుండెను. ఒకటి వాక్యరూపములను జూచునది. రెండవది పుటలందలి పట్టికలను జూచునది. మూఁడవది పదముయొక్క యాకృతిని జూచునది. తెలుఁగున నైనచో పురము, పల్లి, కొండ, దుర్గము తుదనున్న పేరు స్థలనామమై యుండునని యూహించుట యిట్టిది. నాలుగవది యనుమానము: ఒకఁ డీజట్టున నాడును, ఆ జట్టీయాట యాడును, కావున వాఁడును నీయాటయే యాడునని వ్యాప్తిని గల్పించుకొనుట. ఈ వ్యాప్తులను మాత్రము మనుష్యులు పరీక్షించిన పిమ్మటనే యంగీకరించిరి. శాఖలలో నొకటి గట్టిగాఁ జెప్పినను, పెక్కు శాఖలు కలసి చెప్పినను నా విషయము నిశ్చితమని భాండారమునఁ జేర్పఁబడెను.

అఱువదియేడు దినములలో నది 2,42,000 విషయములను గూర్చుకొనెను. పరీక్షింపఁగా వానిలో నూటికి 74 సరియైనవని తేలెను. కాని యా సగటు వెనుక నొక క్రమ మున్నది. మొదటి మూఁడవ భాగమునఁ జేర్చినవానిలో నూటికి 90 సత్యములు, నడిమి భాగమున 71, తుదిభాగమున 57. విత్తులనుండి దూరము పోయినకొలఁదిఁ దప్పు పెరుగుచు వచ్చెను. అటుపిమ్మట మనుష్యు లప్పుడప్పుడు దిద్దుచు రాఁగాఁ గొన్నియేండ్లు నడచి, 2018లోఁ బ్రకటింపఁబడిన లెక్క ప్రకారము పండ్రెండుకోట్ల విషయములను దగినంత తగినంత నమ్మికతోఁ గూర్చుకొన్నది.

యోగ్యతాభంగము

తప్పు పెరుగు విధమున కొక ప్రసిద్ధోదాహరణము గలదు. ఆంగ్లమునఁ గుకీ యన బిస్కత్తువంటి తినుబండారము. అంతర్జాలపుటలు చదువరి యంత్రమున విడిచిపోవు చిన్నగుఱుతుకును నదే పేరు. నెల్ యీ రెండవదానిని సైతము కాల్చిన తినుబండారముల జాతిలోఁ జేర్చెను. అంతటితో నాఁగలేదు. కుకీలను దుడిచివేసితి నను వాక్యరూపమును నేర్చి, యట్లే తుడిచివేయఁబడు దస్త్రములను సైతము తినుబండారములే యని నిశ్చయించెను. ఒక్క శ్లేషనుండి తప్పు వంశవృక్షమై పెరిగినది. మిచెల్ స్వయముగా దిద్దవలసి వచ్చెను.

తెలుఁగున నిట్టి గుంటలకుఁ గొదవలేదు. గుత్తి యన ననంతపుర సీమలోని దుర్గము. గుత్తి వంకాయ యన నా యూరి వంకాయ కాదు. ధర్మవరము చీర యన ధర్మవరముననే నేయఁబడినది. వాక్యరూప మొక్కటియే, సంబంధము వేఱు. కదిరి యన నూరు. కదిరి పరిశోధనక్షేత్రమున వెలువడిన వేరుసెనగ వంగడములకును నదే పేరు. ఈయేఁడు కదిరి వేసితిమని రైతన్నచో నూరిని వేసెనని యర్థము కాదు. తిమ్మమ్మ మఱ్ఱిమాను కదిరి చేరువఁగల మహావృక్షము. దాని కొమ్మలు నీడలు నైదెకరములకుఁ జేరువ పఱచుకొన్నవి. 1989లో గిన్నిసు గ్రంథమున కెక్కినది. అమ్మశబ్దమును మాత్రమే చూచు యంత్రము దానిని స్త్రీల పట్టికలోఁ జేర్చును.

శాబ్దబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁడును గావలెనని మన పాఠశాలలలోని ప్రథమ విద్యార్థియు నెఱుఁగును. నిప్పుతోఁ దడిపెనను వాక్యమున నాకాంక్షయు సన్నిధియు నున్నను యోగ్యత లేమిచే బోధ కలుగదు. నెల్ నిర్మాతలు కనిపెట్టిన ముఖ్యోపాయము సరిగా నీ యోగ్యతయే. నగరమైనది మనుష్యుఁడు కాఁజాలదని జాతులకుఁ బరస్పరవ్యావృత్తిని ముందే చెప్పిరి. నగరమునకు దేశమునకుఁ గల సంబంధమున మొదటిస్థానమున నగరమును, రెండవస్థానమున దేశమును మాత్రమే యుండవలెనని కట్టడి చేసిరి. ఒక్కొక్కజాతిని విడివిడిగా నేర్పినప్పటికంటె, నిట్లు జాతులన్నిటిని నొండొంటితో ముడివైచి నేర్పినప్పుడు తప్పులు తగ్గెను. మన తార్కికుల వాక్యలక్షణము తెలియకయే వారు దానిని జేరుకొన్నారు. కాని ముందు చెప్పని జాతిభేదమును యంత్రము తనంత నెఱుఁగలేకపోయెను. కుకీ విషయమునఁ దప్పినది యిందుచేతనే.

దేశకాలములు

యోగ్యత కుదిరినను సత్యము కుదురకపోవుట గలదు. ఒక వాక్యము వ్రాసిననాఁడు సత్యమై, చదివిననాఁ డసత్యము కావచ్చును. “లేపాక్షి యనంతపుర జిల్లాలో నున్నది” యను వాక్యము వేలకొలఁది పుటలలోఁ గలదు. 2022 ఏప్రిలు 4వ తేదికి ముం దది సత్యము. ఆ దినమున శ్రీ సత్యసాయి జిల్లా పుట్టపర్తి ముఖ్యపట్టణముగా వేఱుపడెను. లేపాక్షి, హిందూపురము, పెనుకొండ, ధర్మవరము, కదిరి యందుఁ జేరెను. క్రొత్తవాక్యములు కొన్ని, పాతవి పెక్కు. సంఖ్యను బట్టి తీర్పు చెప్పు యంత్రము పాతదానినే నమ్మును.

ఇంకను వెనుకకుఁ బోయినచోఁ జిక్కు హెచ్చును. అనంతపుర జిల్లా 1882లో బళ్లారి జిల్లానుండి వేఱుపడినది. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును దహించిన క్షామమును బెద్దలు ధాతకఱవని చెప్పుకొనిరి. నాఁటి యనంతపుర గ్రామముల గతి తెలుపు వ్రాఁతలు బళ్లారి జిల్లా పేరనే యున్నవి. 1876లో ననంతపుర జిల్లాలో నేమి జరిగినదని యంత్రము నడిగినచో, నా జిల్లాయే నాఁడు లేదు గనుక, జవాబు దొరకదు, దొరకినది సందేహాస్పదము. వేలమంది చావు వేఱొక పేరుక్రింద దాఁగియుండును. ధాత యను సంవత్సరనామము సైతము మోసకారియే. అది యఱువదియేండ్ల కొకసారి మరల వచ్చును: 1876, 1936, 1996. శాలివాహనశకమునకుఁ గ్రీస్తుశకమునకు 78 యేండ్ల భేదము. శాసనమున 1451 అని యున్నచో నది క్రీ.శ. 1529, విరోధి సంవత్సరము, అచ్యుతదేవరాయలు పట్టమునకు వచ్చిన యేఁడు. శకశబ్దమును విడిచి సంఖ్యను మాత్రము గ్రహించు యంత్రము చరిత్రమును డెబ్బదియెనిమిదేండ్లు వెనుకకుఁ ద్రోయును.

దేశనామములకును నిదే గతి. సంస్కృతకృతులలో ననంతపుర మనఁగాఁ దఱుచు తిరువనంతపురము. పాత తెలుఁగు వ్రాఁతలలో మండల మనఁగా జిల్లా. 1985లో నాంధ్రప్రదేశమున మండలవ్యవస్థ యేర్పడిన పిమ్మట మండల మనఁగా జిల్లాలో నొక చిన్నభాగము. పూర్వపు సాహిత్యపత్రికలలో ననంతపుర మండలమని యున్నచో, నేఁటి యర్థముతోఁ జదువు యంత్రము జిల్లానంతటిని నొక తాలూకాకంటెఁ జిన్నదానిగాఁ దలఁచును.

ప్రతులు, మాతృక

యంత్రములు సత్యమును నిర్ణయించుటలో సంఖ్యను మిక్కిలి గౌరవించును. పదిచోట్లఁ గనఁబడినది యొకచోటఁ గనఁబడినదానికంటె నమ్మఁదగినదని వాని భావము. పది సాక్ష్యములు నిజముగా వేఱువేఱైనచో నిది సరియే. తాళపత్రగ్రంథములను బరిష్కరించు పండితులకు దీనిలోని లోపము వెంటనే తోఁచును. పది ప్రతులును నొక్క మాతృకనుండి దిగినవైనచో వాని సాక్ష్య మొక్కటియే. లేఖకుని పొరపాటు పదింటను నుండును. ప్రతులను లెక్కింపరాదు, వాని వంశమును విచారింపవలెను.

అనంతపుర సీమకే చెందిన నిదర్శన మొకటి గలదు. రాజస్థానమందలి జైసల్మేరు తరువాత దేశమున నత్యల్పవర్షము గల జిల్లా యనంతపురమే యని పుస్తకములందును వార్తాపత్రికలందును లెక్కలేనిచోట్ల వ్రాయఁబడి యున్నది. అనంతపురపు సాలీన సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. రాజస్థానమునఁ గేవలము జైసల్మేరే కాదు. బికనీరు, బాడ్‌మేరు జిల్లాలలోను సగటు 300 మిల్లీమీటర్లకు లోఁబడియే యుండును. హిమాలయముల యావలఁ గల లేహ్‌లో సుమారు 100 మాత్రమే. ఇఁక ననంతపురము రెండవ దెట్లగును? ఆంధ్రప్రదేశమున నత్యల్పవర్ష మీ సీమలోనే యనుట సత్యము. పడమటికనుమ లడ్డమగుటచే నైరృతి మేఘములు తడి విడిచి వచ్చును. తూర్పుతీరమునకు దూరమగుటచే నీశాన్య మేఘము లిచటికిఁ జేరులోపలఁ దేలికపడును. పడిన వానయు వేళకుఁ బడదు. ఈ బాధ నిజమైనది. దానికి రెండవస్థానమను కిరీట మక్కఱలేదు. కాని వాక్యము కంఠస్థమై ప్రతినుండి ప్రతికిఁ బ్రాఁకినది. యంత్రము దానిని వేయిసాక్ష్యముల సత్యమని గైకొనును. వర్షపుఁబట్టికను దెచ్చి ప్రక్కనుంచి చూచినవాఁడే దాని నసత్యమని చెప్పఁగలఁడు. శబ్దమును శబ్దాంతరముతోఁ గాక ప్రమాణాంతరముతోఁ బరీక్షింపవలెనను న్యాయ మిచ్చటఁ బ్రస్ఫుటము.

కారకముల యుపయోగము

తెలుఁగు వ్రాఁతను యంత్రము చదువుటలో నాంగ్లమున లేని చిక్కులు గలవు. ఆంగ్లమునఁ గర్త కర్మలను బదముల వరుసయే తెలుపును. తెలుఁగున విభక్తిప్రత్యయములు తెలుపును; వరుస మాఱవచ్చును; సంధిచే రెండుమూఁడు పదము లొక్కటి కావచ్చును. ప్రత్యయమును జూచినంతనే యర్థము తేలదు. లేపాక్షికిఁ బోయెను, లేపాక్షికిఁ బేరు వచ్చెను, లేపాక్షికి దక్షిణమున నున్నది యను మూఁడింటను షష్ఠీచతుర్థుల కి యొక్కటే, సంబంధములు మూఁడు.

ఇచ్చటఁ బాణిని మార్గమే యుపకరించినది. విభక్తి వేఱు, కారకము వేఱు అను పాణినీయ సిద్ధాంతమును గణనయంత్రమునకుఁ దగినట్లు మలఁచి, అక్షర భారతి, వినీత చైతన్య, రాజీవ్ సంగల్ అను పేర్లతో 1995లో నొక గ్రంథము వెలువడెను. 1998లో స్థాపింపఁబడిన హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థయందు నీ కృషి కొనసాగి, హిందీ, వంగ, తెలుఁగు వాక్యములకుఁ గారకసంబంధములను గుఱుతించిన వాక్యభాండారములు కూర్పఁబడెను. 2009లో నీ మూఁడు భాషల వాక్యములను యంత్రములచే నన్వయింపఁజేయు పోటీయు జరిగెను.

కారకవివేక మేల కావలెనో యొక యుదాహరణము చాలును. అనంతపురమందలి చెఱువును బుక్కరాయల యమాత్యుఁడగు చిక్క ఒడెయరు కట్టించెనని స్థానికచరిత్రము చెప్పును. కట్టించె ననుటలోని ఇంచుక్ ప్రత్యయము ప్రేరణార్థకము. కట్టినవారు కూలివాండ్రు, కట్టించినవాఁ డమాత్యుఁడు. స్వతంత్రుఁడు కర్త; వానిని బ్రేరేపించువాఁడు హేతుకర్త. ఈ భేద మెఱుఁగని యంత్రము మన్ను మోసినవారి చేతులను జరిత్రనుండి తుడిచివేయును. వ్యాకరణమున నొక ప్రత్యయము, లోకమున నొక జాతి జనుల శ్రమ.

నేఁటి యంత్రములు

నెల్ పట్టికలు వ్రాసికొనెడిది. ఏ విషయ మెక్కడ నేర్చెనో చూపఁగలిగెడిది. నేఁడు వాడుకలోనున్న భాషాయంత్రముల మార్గము వేఱు. 2017లోఁ బ్రకటింపఁబడిన ట్రాన్స్‌ఫార్మర్ అను నిర్మాణమునుండి యివి పుట్టినవి. 2022 నవంబరులో వెలువడిన చాట్ జీపీటీతో జనసామాన్యమునకుఁ బరిచితములైనవి. వీనికి విషయములపట్టిక యనునది లేదు. అపారమగు వ్రాఁతను జదువుచు, ముందు వచ్చిన పదములను బట్టి తరువాత రాఁదగిన పదశకల మేదో యూహించుట యొక్కటియే వీనికి మొదట నేర్పఁబడు పాఠము. ఊహ తప్పినప్పుడెల్ల లోపలి సంఖ్యలు స్వల్పముగా దిద్దఁబడును. ఇట్లు కోట్లకొలఁది దిద్దుబాటుల పిమ్మట, లేపాక్షి వీరభద్రాలయము విరూపణ్ణ కాలమునాఁటిదను విషయము సైతము సంఖ్యలలోఁ గరఁగి యుండును. అడిగినప్పుడు వాక్యమై బయటికి వచ్చును.

శాస్త్రపరిభాషలోఁ జెప్పినచో నీ యంత్రముల బలమంతయు నాకాంక్షాసన్నిధులయందున్నది. ఏపదమున కేపద మాకాంక్షితమో వానికిఁ దెలిసినంత యే మనుష్యునికిఁ దెలియదు. యోగ్యతను వ్రాఁతనుండియే కొంత నేర్చుకొనును. కావుననే నిప్పుతోఁ దడిపె నని పలుకవు. కాని యోగ్యమైన దెల్ల సత్యము కాదు. అచ్యుతదేవరాయలు గుత్తిలో ఫలాని సంవత్సరమునఁ జెఱువు త్రవ్వించెనను వాక్యమున మూఁడు లక్షణములును నున్నవి. అట్టి చెఱువే లేకపోవచ్చును. వ్రాఁత సమృద్ధిగా నున్న విషయమున నూహ సత్యముతోఁ గలియును. వ్రాఁత కఱవైన విషయమున నూహ యాఁగదు. అదే ధోరణిలో, అదే నిబ్బరముతో, లేనిదానిని గల్పించును. వినువానికి రెండింటి కంఠస్వర మొక్కటే. ఇదియే యీ యంత్రములందలి ప్రధానదోషము. అడిగినప్పుడు గ్రంథములను వెదకి తెచ్చి, యెదుట నుంచుకొని జవాబు చెప్పునట్లు చేయు పద్ధతి వచ్చినది; దానిచే దోషము తగ్గినది గాని తొలఁగలేదు. తెచ్చిన గ్రంథమే తప్పైనచో జవాబును దప్పే.

ఆప్తవాక్యమే శబ్దప్రమాణమని తార్కికుల సిద్ధాంతము. ఉన్నదున్నట్లెఱిఁగి, యున్నదున్నట్లు చెప్పువాఁ డాప్తుఁడు. యంత్ర మాప్తుఁడు కాదు, అనాప్తుఁడును గాదు. అది యాప్తుల మాటలను ననాప్తుల మాటలను నొకే పాత్రలోఁ గలిపికొన్న శ్రోత.

పండితకృత్యము

తెలుఁగు వికీపీడియా 2003 డిసెంబరున నారంభమైనది. తెలుఁగున యంత్రములకు విషయజ్ఞానపరీక్ష పెట్టుటకు నదియే ముఖ్యాధారము. 2020లో గూగుల్ సంస్థవారు పదునొకండు భాషలలోఁ బ్రశ్నోత్తరముల సంపుటిని గూర్చినప్పుడు తెలుఁగు నందొకటి. జవాబు తెలియక తెలిసికొనఁ గోరువారిచేతనే యా ప్రశ్నలు వ్రాయించి, జవాబులను వికీపీడియా వ్యాసములలో వెదకించిరి. వ్యాసమున లేని విషయమునకు జవాబు లేదు. ఆంగ్లమున నఱువదిలక్షలకు మించిన వ్యాసములుండఁగాఁ దెలుఁగునఁ గలవి లక్ష ప్రాంతమునవి. ఈ యంతరము యంత్రమున వెయ్యింతలై కనఁబడును.

అనంతపుర రైతు బుడ్డలు వేసితిమనును. బుడ్డలనఁగా వేరుసెనగయని యా సీమలోఁ బాలుత్రాగు బిడ్డయు నెఱుఁగును. నిఘంటువులలో బుడ్డ శబ్దమునకు వేఱర్థములు గలవు. రైతు తన మాటలలోఁ బైరు తెగులును గుఱించి యడిగినచో యంత్రము మఱియేదో తలఁచి మఱియేదో చెప్పును. ఆ సలహాను నమ్మి మందు చల్లినవాఁడు నష్టపోవును. కఱవుసీమలో నొక్కపంట పోవుట యెంతమాటయో చెప్పనక్కఱలేదు. పదార్థనిర్ణయము పండితుల వినోదమాత్రము కాదనుట కింతకంటె నిదర్శన మేల?

కావున వ్రాయువారు కొన్ని నియమములను బాటించుట మేలు. సంవత్సరనామముతోఁ గ్రీస్తుశకమును, శకసంఖ్యతో శకము పేరును జెప్పవలెను. స్థలమును జెప్పునప్పుడు నాఁటి జిల్లాను నేఁటి జిల్లాను రెండింటిని వ్రాయవలెను. ఇతరుల వాక్యమును గైకొనునప్పుడు దాని మాతృకను జూపవలెను. చూపలేనిదానిని మరల వ్రాయరాదు. శాసనపాఠములను, గ్రామవృత్తాంతములను, ఆయాసీమల వ్యవసాయపదములను, వాని యర్థములతో నందఱకు నందునట్లు ప్రకటింపవలెను. పాఠశాలలలోని యుపాధ్యాయులు తమ యూరి చెఱువు పేరు, వంక పేరు, పొలముల పేర్లు విద్యార్థులచే నడిగించి వ్రాయించినచో నది యొక్కయేఁటి పని. చెప్పఁగల వృద్ధులు గతించిన పిమ్మట నూఱేండ్లకును గాని పని.

ఈ పనిచేసినందున యంత్రములకుఁ గలుగు లాభము తరువాతిమాట. ముందు మనుష్యులకే లాభము. బళ్లారి జిల్లా దస్త్రములలోని ధాతకఱవు వృత్తాంతమును విడఁదీసి, ఏయూర నేమి జరిగినదో యనంతపుర సీమ పేర వ్రాసి పెట్టినచో, మొదట చదువఁగలిగినవా రా యూళ్ల పిల్లలే. యంత్రము వారి వెనుక నిలిచి చదువుకొనును.